చెనిక్కాయలు లేని చిత్రాన్నం

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కాదు, పదేళ్ల కిందట, నాకు తెలిసినంత వంట ఈ సీమలో ఎవరికీ తెలియదని నా నమ్మకం. ప్రొద్దుటూరులో ఒక చిన్న పత్రికకు వారం వారం తేలిక వంటలు రాసేదాన్ని. వయసు ఇరవై నాలుగు, పొయ్యి దగ్గర అనుభవం ఏడాదిన్నర. (మా అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. ఆమెకు ముందుచూపు ఎక్కువ.) మూడు చెంచాల నూనె పోసేచోట ఒకటి పోసి, తిరగమోతలో సగం తీసేసి, దానికి ఆరోగ్యం అని పేరు పెట్టడమే నా విద్య.

ఆ విద్యకు దొరికిన మనిషి జమ్మలమడుగులో ఉండే మా మేనత్త మొగుడు. గుండె జబ్బని తేలి, డాక్టరు నూనె, ఉప్పు తగ్గించమన్నాడు. తగ్గించమంటే నేను దాదాపు మాన్పించాను. ప్రతి ఆదివారం బస్సెక్కి పోయి, వండి, ఎదురుగా కూర్చుని తినిపించేదాన్ని. మిగతా రోజులకు ఎట్లా వండాలో అత్తకు కాగితం మీద రాసిచ్చి వచ్చేదాన్ని. "ఎట్లుంది మామా?" అంటే, "బాగుంది పాపా, ఆస్పత్రి గుర్తొస్తాంది" అనేవాడు. నేను దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టాను. అత్త ఆయనకు వండిపెట్టేది గానీ రుచి కూడా చూసేది కాదు. "నాకేం రోగం" అని తన కూర తను వేరే చేసుకునేది.

ఆరు నెలలకు మామ పోయాడు. మధ్యాహ్నం పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. మా వైపు చావింట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు, చుట్టాలే వండి తెస్తారు. అత్త రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు, కంట నీరు పెట్టలేదు, గోడకానుకుని ఊరికే చూస్తూ కూర్చుంది. "ఏడ్సకపోతే ఈమె గూడా దక్కదు" అని ఆడవాళ్లు గుసగుసలాడుతుంటే నాకు భయమేసింది. ఏదో ఒకటి చేయాలి, నాకొచ్చింది వంటొక్కటే. చిత్రాన్నం చేసి క్యారియర్లో తీసుకుపోయాను. చేతులు అలవాటు కొద్దీ పనిచేశాయి. ఒక చెంచా నూనె, సగం ఉప్పు, చెనిక్కాయలు అసలే లేవు. (ఊరి చుట్టూ వేరుశనగ చేలే.)

పులివెందుల నుంచి వచ్చిన ఒక పెద్దామె ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "ఏందిమ్మే ఇది? మేమింకా బతికే ఉండాం గదా" అంది. చావింట్లో నలుగురు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను క్యారియర్ మూత వెతుక్కున్నాను.

అప్పుడు అత్త నోరు విప్పింది. "మీ మామకు మనం పెడ్తాన్నింది ఇట్లాంటిదేనా?"

"ఔనత్తా."

"ఈడికి తే."

ఒక ముద్ద తిన్నది. శానాసేపు నమిలింది. "ఒక్క దినమన్నా బాలేదని అన్లేదే ఆ మనిషి" అని బోరుమంది. ఏడుస్తూనే తిన్నది, తింటూనే నన్ను తిట్టింది, మామను అంతకంటే ఎక్కువ తిట్టింది. ప్లేటు ఖాళీ చేసి, ముక్కు తుడుచుకుని, "ఇంగ రోంత ఉందా?" అని అడిగింది.

ఇప్పటికీ తేలిక వంటలే రాస్తున్నాను. ఆ ఇరవై నాలుగేళ్ల పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. ఆ ఆదివారాల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆయన కోరింది చేసిపెట్టి ఉండొచ్చు కదే అని కోప్పడదామనుకుంటాను. మామ ప్రాణం తన చేతుల్లోనే ఉందనుకుని ఆ పిల్లేమో నూనె చెంచాలు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. నవ్వొస్తుంది, పాపం.