ఇష్బెల్ తలుపు ఎవరూ పగలగొట్టలేదు

ఇష్బెల్ గెమ్మెల్ తలుపును ఊరి కౌన్సిల్ వాళ్లు పగలగొట్టారని కసాయి షాపు దగ్గర వరసలో ఒక మాట తిరుగుతోంది. అది బింగో హాలుకు చేరేసరికి ఇద్దరు పోలీసులు కూడా వచ్చి కలిశారు. చర్చిలో బుధవారం సూపు పోసే చోటికి వెళ్లేసరికి పాపం ఆవిడను కుర్చీతో సహా కిందికి మోసుకొచ్చారట. ఇలా చెప్పినవాళ్లలో మా మెట్లెక్కి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఎక్కితే తెలిసేది. అది ఆవిడ భర్త వులీ బతికుండగా తన చేత్తో ఆకుపచ్చ రంగు వేసిన తలుపు. దాని మీద ఈ రోజుకీ చిన్న గీటు కూడా లేదు.

నలుగురి నోళ్లలో నలిగి పోయే మాటే అయితే పోనీలే అనుకోవచ్చు. కానీ అద్దె కట్టలేక లోలోపల కుమిలిపోయేవాళ్లు ఈ పేస్లీ ఊళ్లో ప్రతి వీధిలోనూ ఉన్నారు. కౌన్సిల్ మనిషి వస్తే తలుపులు పగులుతాయని వింటే వాళ్లు ఇంకో గడియ బిగించుకుంటారు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పాలి.

ఇష్బెల్ పుట్టింది ఈ ఊళ్లోనే, దారం మిల్లు కూత వినబడేంత దూరంలో. బడి మానిన వారానికే ఆ మిల్లులో చేరింది. యంత్రాల మోతలో మాట వినిపించదు కాబట్టి అక్కడి ఆడవాళ్లంతా పెదవులు చూసి మాట్లాడుకునేవారు. మిల్లు మూతపడ్డాక బడి వంటగదిలో చేరి, వయసు మళ్లేదాకా పిల్లలకు వడ్డించింది. అయినా పెదవుల అలవాటు పోలేదు. గుండెల్లోంచి వచ్చే మాటైతే ఇప్పటికీ గొంతు లేకుండా పెదవులతోనే అంటుంది. మిల్లులో పనిచేయనివాళ్లకు అది అర్థం కాదు. ఎదురింటి రీనా మకెండ్రిక్‌కు అర్థమవుతుంది. ఆవిడా ఆ మిల్లు మనిషే.

మా పై అంతస్తులో ఆ రెండిళ్లే. ఆ అంతస్తు మెట్లు కడిగే పని ఒక వారం ఇష్బెల్‌ది, ఒక వారం రీనాది. 'ఈ వారం మెట్ల వంతు మీది' అని రాసిన ఒక అట్ట కార్డు ఉంది, దానికి దారం కట్టి ఉంటుంది. వంతు ఎవరిదైతే వాళ్ల తలుపు పక్క మేకుకు అది వేలాడుతుంది. మెట్లు కడిగినవాళ్లు దాన్ని తీసి ఎదుటివాళ్ల మేకుకు తగిలిస్తారు. ఎవరూ ఎవరినీ అడగరు, ఎవరూ ఎవరికీ గుర్తుచేయరు. కార్డు రెండో వారం కూడా అదే మేకు మీద ఉండిపోతే ఆ ఇంటి పరువు పోయినట్టే. కింది అంతస్తుల కుర్రజంటలు డబ్బిచ్చి కడిగించుకుంటున్నారు. పైన మాత్రం ఆ కార్డు ఎన్నడూ ఆగలేదు. పైగా ఇష్బెల్ కడిగి ఊరుకోదు. మోకాళ్ల కింద పాత దిండు వేసుకుని, మెట్ల అంచుల్లో తెల్లసుద్దతో మెలికలు తిప్పుతూ ముగ్గు గీస్తుంది. వాళ్లమ్మ గీసిన మెలికలే. ఈ వీధిలో అది తెలిసిన చెయ్యి ఇప్పుడదొక్కటే.

వులీ బస్సు నడిపేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. పెళ్లయిన ఏడాదే ఆ ఇంట్లో అద్దెకు దిగారు, తర్వాత ఇల్లు మారలేదు. అద్దె పంపడం వులీ పని. జీతం రోజున ముందు అద్దె, ఆ తర్వాతే పొగాకు. పోయిన శరత్కాలంలో ఆయన పోయాడు. పెన్షన్‌లో సగం ఆయనతోనే పోయింది. అదే చలికాలంలో ముసలి యజమాని పోయి ఇల్లు కొడుకు చేతికి వచ్చింది. ఆ కొడుకు అద్దె పెంచాడు. ఇష్బెల్ ఎవరికీ చెప్పలేదు. ముందు మాంసం మానేసింది, తర్వాత ఇల్లు వెచ్చబెట్టే వేడి యంత్రం కట్టేసింది. ఆ తర్వాత కట్టేయడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు అద్దె బాకీ పడింది, తలుపు మూసేసింది.

మొదట్లో రీనాకు కోపం వచ్చింది. సూపు గిన్నె పట్టుకుని వెళ్తే తలుపు తీయలేదు. బెల్లు కొడితే పలకలేదు. "దుఃఖంలో ఉందిలే" అనుకుంది. తర్వాత "అంత గర్వమైతే ఉండనీ" అనుకుంది. తన తలుపు కన్నానికి కన్ను ఆనించి నిలబడీ నిలబడీ ఆవిడ కాళ్లు లాగేశాయి. మనిషి జాడ లేదు. కానీ ఇష్బెల్ వారం వచ్చేసరికి, పాలవాడు రాకముందే మెట్లు తడిసి ఉండేవి. అంచుల్లో తెల్ల మెలికలు ఉండేవి. కార్డు రీనా మేకుకు వేలాడుతూ ఉండేది. అది చూసి రీనా "బతికే ఉంది" అని ఊపిరి పీల్చుకునేది.

అద్దెదారు మీద కేసు వేసే యజమాని ఆ సంగతి కౌన్సిల్‌కు తెలియజేయాలని ఇక్కడ చట్టం. యజమాని కొడుకు ఇల్లు ఖాళీ చేయించమని కోర్టులో కేసు వేశాడు, కౌన్సిల్‌కు తెలిసింది. అలా వచ్చాడు నయీమ్. అద్దె కట్టలేక చితికిపోతున్నవాళ్లను ఆదుకునే విభాగంలో పనిచేస్తాడు. నడివయసు మనిషి, పొట్ట కొంచెం ముందుకొచ్చింది, మూడంతస్తులెక్కి ఆయాసపడుతున్నాడు. బెల్లు కొట్టాడు. పేరు చెప్పాడు. తలుపు తెరుచుకోలేదు. ఆ నెలలో అలా చాలాసార్లు వచ్చి వెళ్లాడు. వచ్చిన ప్రతిసారీ రీనా తలుపు ఓరగా తీసి చూసింది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"నువ్వు అప్పులవాడివా, మతం చెప్పడానికి వచ్చావా?"

"రెండూ కాదండీ. కౌన్సిల్ మనిషిని."

"అదింకా అన్యాయం. ఏం చేసిందేం మా ఇష్బెల్?"

"ఏమీ చేయలేదు. అదే ఇబ్బంది. వచ్చేవారం ఒక విచారణ ఉంది. ఈలోగా ఆవిడతో ఒక్కసారి మాట్లాడాలి. ఇంతకన్నా మీకు చెప్పకూడదు."

రీనాకు ఇంతకన్నా అక్కర్లేదు. విచారణ అన్న మాటే చాలు. చిన్నప్పుడు ఇదే వీధిలో ఒక ఇంటి సామాను వానలో కాలిబాట మీద పడి ఉండటం ఆవిడా చూసింది, ఇష్బెల్లూ చూసింది. పరుపు నీళ్లు పీల్చి ఉబ్బిపోయింది. చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు చూడలేక తెరలు వేసుకున్నారు. ఆ సామాను తాలూకు మనిషి పేరు ఎవరికీ గుర్తులేదు. ఆ పరుపు మాత్రం అందరికీ గుర్తుంది.

"మాట్లాడితే ఇల్లు నిలుస్తుందా?" అని అడిగింది.

"సాయం ఉంది, మేడమ్. అయితే ఆవిడ సరే అనాలి. అనకపోతే నా చేతులు కట్టేసినట్టే. తలుపు బయట నిలబడి ఇవ్వడానికి వీల్లేదు."

"ఆవిడ ఇల్లు తగలబడినా తలుపు తీయదు బాబూ." రీనా కాస్త ఆగి, తన మేకు వైపు చూసింది. ఆ రోజు తెల్లవారుజామునే ఇష్బెల్ మెట్లు కడిగి కార్డు తగిలించి వెళ్లింది. తెల్ల మెలికలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. "మెట్లు కడగలేదని మాట అంటే మాత్రం ఆ మనిషి ఊరుకోదు."

నయీమ్ కిందికి చూసి, సుద్ద గీతల మీద ఉన్న కాలు గబుక్కున తీశాడు. "మా అమ్మ మెట్ల కార్డును ఖురాను తర్వాత అంత భద్రంగా చూసుకునేది" అన్నాడు. కాసేపు ఆలోచించాడు. "అబద్ధం చెప్పి తలుపు తీయించకూడదు. తీసిన క్షణమే నిజం చెప్తాను. సరేనా?"

"నన్నడుగుతావేం? నువ్వే కదా కౌన్సిల్."

అతను రీనా మేకు మీది కార్డు తీసి ఇష్బెల్ తలుపుకు తగిలించాడు. తలుపు మధ్యలో ఉన్న ఇత్తడి పిడికి తగిలించాడు. రీనా దాన్ని మేకుకు మార్చబోయింది గానీ అతను వేలు పెదవుల మీద పెట్టి రెండు మెట్లు కిందికి దిగి కూర్చున్నాడు. ఇక మిగిలింది రీనా వంతు.

"ఇష్బెల్" అని కేకేసింది. "కార్డు నీ తలుపు మీదే ఉందే. మెట్లెప్పుడు కడుగుతావు, పండక్కా? నిన్న కుక్క ఎక్కివెళ్లిన గుర్తులు కూడా అలాగే ఉన్నాయి."

లోపల ఏదో కదిలింది. పిడి కింద ఉత్తరాలు వేసే సందు రేకు వేలెడంత లేచింది. రెండు కళ్లు కూడా కనబడలేదు, చీకటే కనబడింది. రేకు మళ్లీ పడిపోయింది. చాలాసేపటికి పై గడియ చప్పుడైంది. తర్వాత కింది గడియ.

తలుపు తెరుచుకుంది. ఇష్బెల్ ఇంట్లో కోటు వేసుకుని ఉంది. మెడదాకా బొత్తాలు పెట్టుకుంది, నెత్తిన ఉన్ని టోపీ. కోటు భుజాల దగ్గర వదులైంది. రీనా అన్నాళ్లుగా దాచుకున్న కోపమంతా ఆ భుజాలు చూసి ఎటో పోయింది.

"నా వంతు నేను చేశాను" అంది ఇష్బెల్. గొంతు వాడక తగ్గి గరగరలాడింది. "కళ్లు లేవా నీకు? ఆ గీతలు ఎవరు గీశారు, నువ్వా? నువ్వు గీస్తే కోడి గెలికినట్టుంటుంది."

నయీమ్ లేచి నిలబడ్డాడు. "చేశారండీ. తళతళలాడుతున్నాయి. కార్డు పెట్టింది నేను. నా పేరు నయీమ్. కౌన్సిల్ నుంచి వచ్చాను, మీ అద్దె సంగతి మాట్లాడటానికి. మీరు వెళ్లమంటే వెళ్లిపోతాను, మిసెస్ గెమ్మెల్."

రీనా కళ్లు మూసుకుంది. తలుపు దడాలున పడుతుందనుకుంది. పడలేదు. ఇష్బెల్ అతని ముఖం చూడలేదు, బూట్లే చూసింది.

"తుడుచుకుని రా" అంది. "గీతలు తొక్కకు."

ఆ మధ్యాహ్నం రీనా సూపు గిన్నె తీసుకుని రెండు గుమ్మాలు దాటింది. లోపల ఊపిరి వదిలితే పొగలా కనబడేంత చలి. నయీమ్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో మాటా నిదానంగా చెప్పాడు. ఆవిడ కట్టలేని అద్దె భాగాన్ని కౌన్సిల్ కొన్నాళ్లు భరించగలదు. పాత బాకీ గురించి యజమానితో తానే మాట్లాడతాడు. వులీ పోయాక ఆవిడకు రావాల్సిన భత్యం ఒకటి ఉంది, ఎవరూ అడగలేదు కాబట్టి రావట్లేదు.

"అది బిచ్చమా?" అంది ఇష్బెల్.

"నలభై ఏళ్లు పన్ను కట్టారు కదండీ. బిచ్చమైతే ముందు మీరే వేసినట్టు."

ఆవిడ రీనా వైపు తిరిగి, గొంతు లేకుండా పెదవులు కదిపింది. నయీమ్‌కు అర్థం కాలేదు. రీనాకు అర్థమైంది. "వీధిలోకి నా పరుపు పోతుందనుకున్నా" అంది ఇష్బెల్. అంతే. రీనా సూపు గిన్నె ఆవిడ ముందుకు జరిపి, చెంచా చేతిలో పెట్టింది.

విచారణ రోజున నయీమ్ ఆవిడ పక్కనే కూర్చున్నాడట. బాకీ తీరే దారి కనబడింది కాబట్టి యజమాని కొడుకు కేసు వదులుకున్నాడు. అతనేమీ దుర్మార్గుడు కాదు, తలుపు మూసి ఉంటే లోపల ఎవరున్నారో అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది. వేడి యంత్రం మళ్లీ వెలిగింది. కోటు మేకు మీదికి వెళ్లింది. ఇష్బెల్ ఆ ఇంట్లోనే ఉంది, రేపు వెళ్లినా ఉంటుంది.

రీనా మనసులో మాత్రం ఒక ముల్లు మిగిలింది. ముసలిదాన్ని మాయచేసి తలుపు తీయించామా అన్నదే ఆ ముల్లు. కసాయి షాపు మాటలు చెవిన పడ్డాక అది ఇంకా లోతుకు దిగింది. మొన్న రీనా వంతు వారం. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని మెట్లు రుద్దుతుంటే ఇష్బెల్ పై మెట్టు మీద టీ కప్పుతో కూర్చుని, "ఆ మూల వదిలేశావు", "నీళ్లు మార్చు" అని సతాయిస్తోంది. రీనా గుడ్డ బకెట్‌లో పడేసింది.

"ఇష్బెల్, నిజం చెప్పు. ఆ రోజు కార్డు పెట్టి నిన్ను మోసం చేశామని నీకు కోపం లేదూ?"

ఇష్బెల్ టీ ఒక గుక్క తాగింది.

"మోసమేంటే. రేకెత్తి చూస్తే సందుకు అడ్డంగా కార్డు వేలాడుతోంది. మనిద్దరం ఏనాడైనా పిడికి తగిలించామా? ఎవరో బయటి మనిషి పెట్టాడని అప్పుడే తెలిసింది. ఎవరో కూడా తెలిసింది, ఆ ఆయాసం నెలరోజులుగా వింటున్నాను. సాయం కావాలా అని అతను పిలిచిన ప్రతిసారీ తలుపు వెనకే నిలబడ్డాను రీనా, నోరు రాలేదు. మెట్ల గురించైతే తలెత్తుకుని మాట్లాడగలను. అందుకే తీశాను."