కార్డు వెనుక యాదగిరి పేరు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను పటాన్‌చెరు బ్రాంచికి ఏరియా సేల్స్ మేనేజర్‌గా వేశారు. రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్లుంది. మేము అమ్మేది మెకానికల్ సీల్స్. మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ అనే పెద్ద పాత్రలో రసాయనాలను కలిపే షాఫ్ట్ తిరుగుతుంటుంది. అది పాత్రలోకి దిగే చోట లోపలి ఆవిరి బయటికి రాకుండా ఆపేది సీల్. అది పాడైతే వ్యవహారం వాసనతో మొదలై నిప్పుదాకా పోవచ్చు.

హోదాతో పాటు అయిదు వందల విజిటింగ్ కార్డుల డబ్బా ఇచ్చారు. మా పారిశ్రామిక బెల్టులో కార్డులు పంచడం తేలికే, అవి పనికొచ్చే చేతికి చేరడమే కష్టం. బొల్లారంలో ఏ గేటు దగ్గరైనా సెక్యూరిటీ వాళ్ల సొరుగు లాగితే నాబోటి వాళ్ల కార్డులు కట్టలుగా కనిపిస్తాయి. నేను సంగారెడ్డిలో కిరాణా దుకాణంలో పెరిగినవాణ్ని. అడగని వాడి చేతిలో సరుకు పెడితే దానికి విలువుండదని నాకు ముందే తెలుసు. మాట కలిపి, ఎదుటివాడు నంబరు అడిగేదాకా ఆగి, అప్పుడు కార్డు తీసేవాణ్ని. పర్చేజ్‌లో ఒకటి ఇస్తే మెయింటెనెన్స్‌లో ఫిట్టరుకూ ఒకటి ఇచ్చేవాణ్ని. ఆర్డరు మీద సంతకం పర్చేజ్‌ది. మిషన్ ఆగిన రోజు ఫోన్ చేసేది ఫిట్టరు.

ఫిట్టర్లకు కార్డులుండవు. వాళ్ల పేరు, నంబరు, చెప్పిన సంగతి నా కార్డు వెనుకే రాసుకునేవాణ్ని. డైరీ లేక కాదు. పొట్లం కాగితానికి రెండువైపులా లెక్కలు రాసిన ఇంట్లో పుట్టినవాడికి తెల్లగా ఖాళీ జాగా కనబడితే చెయ్యి ఊరుకోదు. రాసినవీ రాయనివీ ఒకే జేబులో వేసేవాణ్ని. ముందునుంచి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయన్న ఆలోచన ఇంత బేరగాడినైన నాకూ రాలేదు.

ఆగస్టులో, మా సీల్స్ వాడే ఒక బల్క్ డ్రగ్ యూనిట్ బయట, షిఫ్టు దిగిన యాదగిరితో చాయ్ తాగాను. అతనిది కర్దనూర్. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద బి బ్లాకులో ఫిట్టరు. పర్మనెంట్ చేసేవాళ్ల జాబితాలో ఆ ఏడే పేరు వచ్చింది. మూడో రియాక్టర్ సీల్ కారుతోందని, సీల్ పక్కనుండే చిన్న నూనె ట్యాంకును, అంటే సీల్ పాట్‌ను, షిఫ్టుకోసారి నింపి నెట్టుకొస్తున్నారని చెప్పాడు. ఎగుమతి బ్యాచ్ అయ్యేదాకా పైకి చెప్పవద్దని ప్రొడక్షన్ మేనేజర్ ప్రభాకర్ హుకుం. "నా పేరు యాడ రావొద్దు సారూ. బయటోళ్లకు చెప్పిన్నని తెలిస్తే ఆ పొద్దే గేట్ పాస్ గుంజుకుంటరు" అన్నాడు. సరేనన్నాను. అతను వెళ్లగానే కార్డు వెనుక అంతా వివరంగా రాసుకున్నాను, పేరుతో సహా.

రెండు రోజుల తర్వాత అదే యూనిట్‌లో పర్చేజ్ మేనేజర్ సునీత గారితో మీటింగు. వచ్చే ఏడాది సప్లై కాంట్రాక్టు మాకో, మా పోటీదారుకో తేలాల్సిన సమయం. మాటలు బాగానే నడిచాయి. చివర్లో ఆమే కార్డు అడిగారు. ఠీవిగా తీసి రెండు చేతులతో ఇచ్చాను.

గేటు దాకా వచ్చి, సీల్ సంగతి కనుక్కుందామని యాదగిరి నంబరు కోసం జేబులో కార్డులు తిరగేశాను. ఆ రోజు జేబులో ఉన్నవన్నీ వెనుక తెల్లగానే ఉన్నాయి. రెండోసారి చూశాను, మూడోసారి చూశాను. అతని కార్డు లేదు.

సెక్యూరిటీ వాళ్లకు కళ్లద్దాలు మరచిపోయానని చెప్పి వెనక్కి నడిచాను. అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. సునీత గారి కంప్యూటర్ పక్కన నా కార్డు, నా పేరు పైకి, వెల్లకిలా పడుకుని ఉంది. కొంచెం ప్రాణం లేచొచ్చింది. ఫోన్ నంబరు మారిందని, కొత్త కార్డు ఇస్తానని అన్నాను.

ఆమె కార్డు మీద వేలుంచి అడిగారు. "ఏ నంబర్ మారింది? కార్డు ముందున్నదా, వెనకున్నదా?"

తీసిన కొత్త కార్డును మళ్లీ జేబులో పెట్టుకున్నాను. కూర్చోమన్నారు.

"యాదగిరి ఎవరో నాకు తెల్వది, తెలుసుకోను గూడ. కాని చదివినంక మూడో రియాక్టర్ ముచ్చట తెల్వనట్టు కూసోలేను. సేఫ్టీకి చెప్పాలె. ఎవరు చెప్పిండ్రంటే ఏమనాలె?"

నేను బేరం మొదలుపెట్టాను. అప్పటికి నడుస్తున్న మా పాత కాంట్రాక్టులో ఏడాదికోసారి సీల్స్ తనిఖీ చేసే షరతు ఉంది. అది ఈ రోజే చేస్తానని, చూసింది నా సంతకంతో రాసిస్తానని చెప్పి కార్డు ఇచ్చేయమని అడిగాను.

"రిపోర్ట్ తెచ్చి కార్డు తీస్కపోండి" అన్నారు. నలభై ఏళ్లు బేరాలాడినవాణ్ని, ఆ మాట మీద పైసా తగ్గించలేకపోయాను.

బ్లాకులోకి వెళ్లాలంటే వర్క్ పర్మిట్ మీద ప్రొడక్షన్, సేఫ్టీ రెండు సంతకాలు కావాలి. ప్రభాకర్ సంతకం చేశాడు గానీ తానూ వెంట వచ్చాడు. ఆ షిఫ్టులో ఫిట్టరు యాదగిరే. నన్ను చూసి అతని ముఖం వాడిపోయింది. ప్రభాకర్ నాలుగడుగులు ముందుండగా, "ఏంది సారూ, నా పొట్ట మీద కొడ్తున్నరా?" అన్నాడు, పెదవులు కదపకుండా. నేను ప్రభాకర్ వెనకే అడుగేశాను.

నేరుగా మూడో రియాక్టర్ దగ్గరికి పోతే యాదగిరిని వేలెత్తి చూపినట్టే. అందుకే ఒకటో దాని దగ్గర మొదలుపెట్టాను. సీల్ పాట్‌కు ఉండే గాజు గొట్టంలో నూనె మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీశాను. రెండో దానికీ గీశాను. మూడో దాంట్లో నూనె నిండుగా ఉంది. అప్పుడే నింపినట్టున్నారు. దానికీ గీత గీసి స్టూలు మీద కూర్చున్నాను.

ఇరవై నిమిషాలకు మూడూ గీతల మీదే ఉన్నాయి. ఏమీ లేదని రాసి లేవాల్సి వస్తే సునీత గారు ఆ కార్డునే సేఫ్టీ వాళ్ల ముందు పెడతారు. ప్రభాకర్ గడియారం చూసుకుంటున్నాడు. యాదగిరి చేతిలోని పానాను గుడ్డతో తుడిచిందే తుడుస్తున్నాడు. నలభై నిమిషాలకు మూడో దాని మట్టం గీత కింద సన్నగా జారింది. గంటకు బొటనవేలి మందం దిగింది.

"నూనె చల్లబడితే దిగుతదయ్యా. గదేమన్న వింతనా?" అన్నాడు ప్రభాకర్.

"ఒకటి, రెండు గూడ చల్లబడాలె కద సార్" అన్నాను.

అతను నన్ను వదిలి యాదగిరి వైపు చూశాడు. "ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్న ప్రశ్న మాత్రం నాకే.

"మూడింటికీ మీ ముందే గీత గీసిన. ఎవరన్న చెప్తే ఒక్కదానికే గీస్తుంటి" అన్నాను.

సర్వీస్ రిపోర్టులో మూడు మట్టాలు, సమయాలు రాసి సంతకం చేశాను. సేఫ్టీ ఆఫీసరు బ్యాచ్‌ను వేరే రియాక్టర్‌కు మార్పించి మూడోదాన్ని ఆపించాడు. సీల్ విప్పితే, ఒకదానికొకటి ఆనుకుని తిరిగే రెండు రింగుల్లో ఒకటి పగిలి ఉంది. సునీత గారు రిపోర్టు తీసుకుని కార్డు జరిపారు. తన ముందే చింపమన్నారు. చింపాను.

నష్టం నాకు వచ్చింది. ఎగుమతి ఆలస్యమైందని ప్రభాకర్ నా మీద కక్ష కట్టాడు. తర్వాత ఎప్పుడు వెళ్లినా గేటు దగ్గర పాసు దొరకలేదు. సప్లై కాంట్రాక్టు పోటీదారుకు పోయింది. హెడ్డాఫీసు రాతపూర్వకంగా సంజాయిషీ అడిగింది. తనిఖీ చేశాను, లోపం కనబడింది అని రెండు వాక్యాలు రాసి పంపాను.

యాదగిరి ఆ దసరాకు పర్మనెంట్ అయ్యాడు. నేను తనను అమ్మేయడానికి వచ్చానని అనుకున్నందుకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. కార్డు సంగతి నేను చెప్పలేదు. మంచితనం కాదు, చెప్తే మళ్లీ నాకు ఏ ఫిట్టరూ నోరు విప్పడని భయం.

మిగిలిన ఉద్యోగకాలంలో కొత్తగా వచ్చిన సేల్స్ ఇంజనీర్లకు కార్డు ఎప్పుడు తీయాలో, ఎవరికి ఇవ్వాలో నేర్పాను. ఇచ్చే ముందు దాన్ని ఒకసారి తిప్పి చూసుకోమని చెప్పాను. నమ్మి చెప్పినవాడి పేరు మాత్రం ఎక్కడా రాయకూడదు. గుర్తుపెట్టుకోవడం చేతకాకపోతే ఆ సంగతి అడగనే కూడదు.