గులాబీకి కాళ్ళొచ్చిన వారం

ఆ రోజుల్లో మా ఊరికి ఇంకా రైలు రాలేదు, ఎక్కడికెళ్ళినా కాలవ పడవే. ఆడపిల్లకి నోరుండకూడదు గాని కళ్ళు మాత్రం దివ్యంగా ఉండాలనేవారు. చూపు ఆనదని తెలిస్తే సంబంధం రాదుట. (నాకప్పటికి పదమూడేళ్ళు. పెళ్ళి మీద మోజు లేదు గాని ఆ భయం మాత్రం అందరితోపాటు నాకూ ఉండేది.) ఆ ఏడే నరసాపురంలో మిషను బంగళా వరండాలో లేసు అల్లిక నేర్చుకోడానికి చేరాను. మా అమ్మ నాట్లకి వెళ్ళేది. "నా నడుం చూశావుగా. ఈ పని పట్టుకుంటే నీడపట్టున కూర్చుంటావు, వదలకే" అని పంపింది. మొదటి అల్లిక బాగుంటేనే ఉంచుకుంటారు, లేకపోతే నేనూ అమ్మ వెనకాలే చేలోకి దిగాలి.

పంతులమ్మగారు నమూనా గులాబీని వరండా చివర గోడకి తగిలించి, "కనబడుతోందా అమ్మా?" అన్నారు. పన్నెండుమందిమీ ఒక్క గొంతుతో "కనబడుతోందండీ" అన్నాం. నిజానికి ఆ మూల చీకటి, మా కళ్ళల్లో ఎదురెండ. తెల్లగా ఏదో ఉందని తప్ప నాకేమీ తెలీలేదు. చెప్తే నా కళ్ళకే వంక పెడతారని, పక్కన కూర్చున్న పొడుగుపిల్ల చేతిలోకి ఓరగా చూస్తూ అల్లుకుపోయాను. అది విప్పితే నేనూ విప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం అల్లికలన్నీ బల్ల మీద పరిచారు. పన్నెండూ ఒకే అచ్చు. ఒక్కోదానికి ఎనిమిది కాళ్ళు, రెండు డెక్కలు. పంతులమ్మగారు చాలాసేపు చూసి, "నేను పెట్టింది గులాబీ కదా, ఈ పీతలెక్కణ్ణుంచి వచ్చాయమ్మా?" అన్నారు. "మిషను దొరసానిగారు ఇవి చూస్తే మీలో ఒక్కర్నీ ఉంచనివ్వరు" అంటూ అన్నీ మూటకడుతుంటే నాకు మా అమ్మ నడుం గుర్తొచ్చింది. లేచి నిలబడి, "నాకు కనబడలేదండీ. పొడుగుపిల్లది చూసి అల్లానండి" అన్నాను.

అది నావంక గుడ్లు మిటకరించి, "నేను నీది చూసి అల్లానే!" అంది. (అంటే నేను విప్పానని అది, అది విప్పిందని నేను, వారమంతా విప్పుకుంటూ కూర్చున్నామన్నమాట.) ఆ తర్వాత ఒక్కొక్కరే "నాకూ కనబడలేదండీ" అంటూ లేచారు. అందరం ఆ మూల చీకటిని కాదు, మా కళ్ళనే అనుమానించుకున్నాం.

పంతులమ్మగారు వచ్చి నా చాప మీద చతికిలబడి, కళ్ళు చికిలించి గోడకేసి చూశారు. "నాకూ కనబడటం లేదర్రా" అన్నారు మెల్లిగా. నమూనా తెచ్చి మా మధ్యన పెట్టి, సోమవారం అందర్నీ రమ్మన్నారు.

మా అమ్మ ఆ తర్వాత రెండేళ్ళకి నాట్లు మానేసింది. ఇప్పుడు అదే పని నేను నేర్పుతున్నాను. "కనబడుతోందా" అని అడగను, పిల్లలు అవుననే అంటారు. "ఎవరికి కనబడటం లేదు?" అని ముందు నేనే చెయ్యెత్తుతాను. అప్పుడు ఒక్కో చెయ్యీ లేస్తుంది. ఈమధ్య నాకు నిజంగానే కనబడటం లేదు. పిల్లలు మాత్రం నేను ఉత్తినే అంటున్నాననుకుని నవ్వుతున్నారు, నేనూ వాళ్ళతో నవ్వేస్తున్నాను. రేపు చెప్పేస్తాను.