బడికి దారి చెప్పిన సాయంత్రం

దోహాలో అల్ మన్సూరాలో మాకు నాలుగో అంతస్తులో ఒక గది, వంటిల్లు ఉన్నాయి. మా ఆయన సముద్రంలో చమురు ప్లాట్‌ఫాం మీద పని చేస్తారు. నాలుగు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. పెళ్ళయి కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో ఆ నాలుగు వారాలూ గోడకి క్యాలెండర్ పెట్టుకుని కొట్టివేసుకునేదాన్ని. తర్వాత అది మానేశాను. పిల్లలు లేరు. కింద బకాలాలో, అంటే కిరాణా కొట్లో, మలయాళీ అతను సరుకులు ఇస్తూ "ఔర్ కుచ్?" అంటాడు. కొన్ని వారాల్లో నాతో ఎదురుగా నిలబడి మాట్లాడిన మనిషి అతనొక్కడే.

అందుకే ఆ ఉద్యోగంలో చేరాను. అమెరికాలో ఎవరికైనా ఇంగ్లీషు రాక ఇబ్బంది అయితే ఫోన్లో దుబాసీని పిలుస్తారు. నేను తెలుగు దుబాసీని. చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని, వాళ్ళ మాట వీళ్ళకీ వీళ్ళ మాట వాళ్ళకీ చెప్పడమే పని. పేరు చెప్పకూడదు, దుబాసీ నంబరే చెప్పాలి. ఊరు చెప్పకూడదు. సొంతంగా ప్రశ్న అడగకూడదు. అవతలి మనిషి "నాకు భయంగా ఉంది" అంటే నేను కూడా "నాకు భయంగా ఉంది" అనాలి, "ఆవిడ భయపడుతున్నారు" అనకూడదు. అలా రోజుకి ఏడు గంటలు నా నోట వచ్చే "నేను" నేను కాదు.

కాల్స్‌లో సగం ఒకే చోటి నుంచి వచ్చేవి. అమెరికాలో ఒక పెద్ద నగరానికి శివారున ఉన్న స్కూల్ డిస్ట్రిక్ట్. మొదటి రోజు నేను దాన్ని "జిల్లా" అని తెలుగు చేస్తే అవతల ఒక తాతగారు కంగారుపడి, "కలెక్టరాఫీసు నుంచా అమ్మా?" అన్నారు. అప్పటి నుంచి స్కూల్ డిస్ట్రిక్ట్ అనే అంటున్నాను. ఆ చుట్టుపక్కల ఊళ్ళ బళ్ళన్నీ దాని కిందివే. ఇళ్ళ మీద పన్నుతో నడుస్తాయి, చదువుకి ఫీజు లేదు. మన వాళ్ళు ఆ బళ్ళ కోసమే అక్కడ ఇళ్ళు కొనుక్కుంటారు. తల్లిదండ్రులకి ఇంగ్లీషు వచ్చు కాబట్టి వాళ్ళకి నాతో పని లేదు. నాకు దొరికేది అమ్మమ్మలు, నాయనమ్మలు, కొత్తగా వచ్చిన కోడళ్ళు. బస్సు ఆలస్యం, బుధవారం బడి తొందరగా వదలడం, పల్లీలు పడని పిల్లకి వేరే బల్ల, డాక్టరు కాగితం లేకుండా జ్వరం మాత్ర కూడా ఇవ్వని నర్సు... ఇవీ విషయాలు. రెండేళ్ళు గడిచేసరికి అక్కడ ఏ బడికి కొత్త గదులు కడుతున్నారో, ఏ బస్సు డ్రైవరు రిటైరవుతున్నాడో నాకు తెలుసు. మా పక్క ఫ్లాట్‌లో ఉన్న వాళ్ళది ఏ దేశమో తెలియదు.

అందులో ఒక చిన్న పిల్లల బడి ఆఫీసులో ఒకావిడ ఉండేది. వయసు మళ్ళిన గొంతు. ప్రతి వాక్యం చివరా ఆగి, నేను తెలుగు చేసేదాకా ఓపికగా ఉండేది. చివర్లో "థాంక్యూ, ఇంటర్‌ప్రెటర్" అని విడిగా నాకు చెప్పేది. అలా చెప్పేవాళ్ళు తక్కువ.

నవంబరులో ఒక సాయంత్రం ఆవిడే లైన్లోకి వచ్చింది. మాకు ఆరు గంటలు, అక్కడ పొద్దున పది. ఒకటో తరగతి పాపకి జ్వరం వచ్చింది, నర్సు గదిలో పడుకోబెట్టారు, తల్లీ తండ్రీ ఫోన్ ఎత్తడం లేదు, జాబితాలో తర్వాతి పేరు అమ్మమ్మది అని చెప్పి ఆ నంబరు కలిపింది.

"హలో, ఎవలు?" అంది అమ్మమ్మ.

ఆ ఒక్క మాటతోనే తెలిసిపోయింది, తెలంగాణలో గోదావరి పక్క జిల్లాల మనిషి. నేను బడి నుంచి అని చెప్పాను.

"మా బిడ్డకు తెల్లారగట్ల నొప్పులొచ్చినయ్. అల్లుడు దవాఖానకు తోల్కపోయిండు. ఫోను ఎత్తుతలేడు. కాన్పు అయిందో కాలేదో నాకెర్కలేదు. ఇప్పుడు పోరికి ఏమాయె?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆఫీసు ఆవిడ కంగారు లేదు, పాప దగ్గర మేమున్నాం, నాన్నగారు ఫోన్ ఎత్తేదాకా చూద్దాం అంది. నేను తెలుగు చేస్తుండగానే వెనక సన్నగా ఏడుపు వినిపించింది. అమ్మమ్మ కూడా విన్నది.

"ఏడుస్తున్నది గదా. నేను నడుసుకుంట వస్త. తొవ్వ చెప్పు."

రెండు కిలోమీటర్లు దూరం, అక్కడ ఎవరూ నడవరు, బయట చలి అని ఆఫీసు ఆవిడ చెప్పింది. నేను చెప్పాను. అమ్మమ్మ వైపు నుంచి తలుపు మూసిన చప్పుడు వచ్చింది.

"ఆవిడ బయటికి వచ్చేశారు" అన్నాను ఇంగ్లీషులో. అది నేను అనాల్సిన మాట కాదు. ఎవరూ అనని మాట నేను అనకూడదు.

"సరే, అయితే మనం ఆవిడతోనే ఉందాం" అంది ఆఫీసు ఆవిడ. తన కంప్యూటర్లో మ్యాప్ తెరిచినట్టుంది. "ఇంటి ముందు నిలబడి ఎడమకి తిరగమనండి."

"ఎడమకి తిరగండి" అన్నాను.

"ఎడుమంటే దాపటెద్దు దిక్కా, ఎలపటెద్దు దిక్కా? నాకు గాబరల ఏది యాదికొస్తలేదు."

కాకినాడ టౌన్లో పెరిగిన నాకు కాడికి ఏ ఎద్దుని ఎటు వైపు కడతారో తెలియదు. ఆలోచించి, "మీరు అన్నం తినే చెయ్యి కాదు, రెండో చెయ్యి వైపు" అన్నాను. "ఆఁ, దాపట" అంది ఆమె. అక్కడి నుంచి అదే లెక్క. ఆఫీసు ఆవిడ రైట్ అంటే నేను అన్నం చెయ్యి అనేదాన్ని.

అన్నీ ఒకలాంటి ఇళ్ళట. ఒకే రంగు, ఒకే గరాజు. వీధులు తిన్నగా ఉండవు, పాములా తిరుగుతాయి. మనిషన్నవాడు కనిపించడం లేదని అమ్మమ్మ రెండుసార్లు చెప్పింది. అల్లుడి కోటు తొడుక్కుందట, కాళ్ళకి మేజోళ్ళ మీద చెప్పులు. నడుస్తుంటే ఆ చెప్పుల చప్పుడు నా చెవిలో పడుతోంది.

"ఎడమ పక్కన ఒక చెరువు కనిపించాలి, మధ్యలో నీళ్ళు చిమ్ముతుంటాయి" అంది ఆఫీసు ఆవిడ.

చాలాసేపు చెప్పుల చప్పుడే. తర్వాత, "కుంట వచ్చింది. బాతులున్నయ్. నీళ్ళు మీదికి ఎగురుతున్నయ్."

నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆఫీసు ఆవిడ "దేవుడా, థాంక్యూ" అంది. ఆ థాంక్యూ నాకు చెప్పిందో, ఆమెకి చెప్పిందో తెలియక రెండోది అనుకుని తెలుగు చేశాను.

కుంట దాటాక కాసేపు తిన్నగా నడవాలి. అప్పుడే మా వీధి మసీదులో ఇషా అజాన్ మొదలైంది. మామూలుగా ఆ నిమిషాలు మైకు ఆపుకుంటాను. కిటికీ సందుల్లో తువ్వాలు కుక్కి ఉంచుతాను. కానీ ఆ రోజు ఏ క్షణాన ఏ మలుపు చెప్పాల్సి వస్తుందో అని మైకు ఆపలేదు.

"నమాజు సదువుతున్నట్టు ఇనవడుతుంది. నువ్వు ఏడున్నవు బిడ్డా?"

నియమం ప్రకారం ఆ ప్రశ్నని నేను ఇంగ్లీషు చేసి, దుబాసీ సొంత వివరాలు చెప్పకూడదని ఇద్దరికీ చెప్పాలి. మొదటి సగం చేశాను. ఆఫీసు ఆవిడ, "నాకూ తెలుసుకోవాలని ఉంది" అంది.

"ఖతర్‌లో ఉన్నానమ్మా" అన్నాను. అమ్మా అనడం కూడా తప్పే. అండీ అనాలి.

"దుబాయా" అంది ఆమె; వాళ్ళ వైపు గల్ఫ్ అంతా దుబాయే. "మా ఇంటాయన ఇరువై ఏండ్లు దుబాయిలనే ఉండె. ఇప్పుడు లేడు. ఆడ ఎట్లుండెనో ఎన్నడు చెప్పకపోయేది. నేను అడిగితె, మంచిగనే ఉంటి అనేటోడు. నువ్వు చెప్పు బిడ్డా. ఆడ ఎట్లుంటది?"

ఆయన ఉన్నది బహుశా ఏ కూలీల క్యాంపులోనో, గదికి ఎనిమిది మందితో. ఇక్కడ ఊరి దక్షిణాన బిర్కత్ అల్ అవామిర్ వైపు అలాంటి క్యాంపులున్నాయి. సాయంత్రాలు కంపెనీ బస్సుల కిటికీలకి తలలు ఆనించి నిద్రపోతూ వెళ్ళే వాళ్ళని చూశాను. నా బతుకు వాళ్ళ బతుకు కాదు. తెలిసినట్టు చెప్పడం అబద్ధమవుతుంది.

"నా సంగతి చెప్పగలనమ్మా. మా ఆయన సముద్రం మీద డ్యూటీలో ఉంటారు. నేను ఒక్కదాన్నే ఉంటాను. పగలు ఎలాగో అయిపోతుంది. సాయంత్రాలు అవ్వవు."

"ఔ" అంది. కొంచెం దూరం నడిచి, "ఆయన ఆడ, నేను ఈడ. నాకూ గట్లనే ఉండె" అంది.

నేను ఇంగ్లీషులో చెప్పలేదు. ఆఫీసు ఆవిడ అడగనూ లేదు. "ఇప్పుడు పెద్ద రోడ్డు రావాలి" అంది నెమ్మదిగా.

పెద్ద రోడ్డు వచ్చింది. కాలిబాట అక్కడ అయిపోయింది. నాలుగు వరసల్లో కార్లు, దాటే చోటు లేదు. "ఒక్కలు ఆపుతలేరు, నేను ఉర్కుత" అంది అమ్మమ్మ. నేను ఇంగ్లీషు చేయకముందే "వద్దమ్మా, ఆగండి, అక్కడే ఆగండి" అని అరిచాను. ఆఫీసు ఆవిడకి ఆ గొంతే సరిపోయింది. బడి ఊడ్చి, శుభ్రం చూసే పెద్దాయనని బయటికి పంపిస్తున్నానంది. అతను ఇటు నుంచి రోడ్డు దగ్గరికి వస్తాడు, అందాకా కదలొద్దని చెప్పమంది. చెప్పాను. కార్ల హోరు ఒక్కటే.

"పసుపుపచ్చ కోటాయన వస్తున్నడు. చెయ్యి ఊపుతున్నడు. ఆఁ, కార్లాపిండు. కార్లన్ని ఆగినయ్ బిడ్డా."

తర్వాత ఎవరిదో మగగొంతు, గాలి, తలుపు తెరుచుకున్న చప్పుడు. ఆఫీసు ఆవిడ కుర్చీ జరిపినట్టు వినిపించింది. తన ఫోన్లోంచీ అమ్మమ్మ ఫోన్లోంచీ ఒకేసారి ఆవిడ గొంతు, "వచ్చేశారు, వచ్చేశారు" అని. లోపలెక్కడో పాప "అమ్మమ్మా" అంది.

లైను కట్ అయింది. కాల్ ముగిసింది, తర్వాతి కాల్‌కి సిద్ధమా అని తెర మీద అడిగింది. అప్పుడు చూసుకున్నాను, నేను ఎప్పుడో కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాను. హెడ్‌సెట్ తీగ బిగిసి ఉంది. నలభై నిమిషాలు మాట్లాడాను. ఆ వారమంతా కలిపినా నేను, నేనుగా, అన్ని మాటలు మాట్లాడలేదు. తలుపు తీసి వరండాలోకి వెళ్ళాను. ఎవరైనా ఉంటే చెబుదామని. ఎవరూ లేరు. లిఫ్టు కిందికి పోతోంది. మళ్ళీ లోపలికి వచ్చి, "సిద్ధం" అని నొక్కాను. ఎవరిదో నీళ్ళ బిల్లు.

మూడు రోజులకి కంపెనీ నుంచి మా పర్యవేక్షకురాలు ఫోన్ చేసింది. కాల్స్ అన్నీ రికార్డవుతాయి. సొంత వివరాలు చెప్పాను, ఒక మాట ఇంగ్లీషు చేయకుండా వదిలేశాను, నా అంతట నేను సలహా ఇచ్చాను. ఆమె మంచిదే. "మీకు కష్టంగా అనిపించిందని తెలుసు. అయినా రేపు ఇంకో కాల్‌లో మీరు అలా ఆగమంటే, ఆగిన మనిషికి ఏదైనా అయితే?" అంది. శిక్షణ పాఠాలు మళ్ళీ వినమంది. విన్నాను.

ఆ నెలాఖరుకి మా ఆయన వచ్చారు. చెప్పకూడదని తెలిసీ, పేర్లేవీ లేకుండా, అన్నం వడ్డిస్తూ అంతా చెప్పేశాను. ఆయన తినడం ఆపి విన్నారు.

"పాపకి జ్వరం తగ్గిందా?"

"తెలీదండీ."

"పురుడు? ఎవరు పుట్టారంట?"

"అదీ తెలీదు. మాకు తెలియనివ్వరు."

ఆయన చెయ్యి కంచంలోనే ఉంది. "సాయంత్రాలు అవ్వవని ఆవిడతో అన్నావా?"

"అన్నాను."

"నాతో ఎప్పుడూ అనలేదే."

"మీరు ఫోన్ చేసినప్పుడు, బాగున్నావా అని అడుగుతారు. బాగున్నానంటాను."

ఆ రెండు వారాలూ రోజూ సాయంత్రం అల్ ముంతజా పార్కుకి తీసుకెళ్ళారు. నడిచేవాళ్ళం. ఎక్కువ మాట్లాడుకున్నది లేదు. తర్వాత డ్యూటీ వచ్చింది, వెళ్ళిపోయారు.

ఆ బడి ఆఫీసు ఆవిడ గొంతు ఇంకొక్కసారి విన్నాను. ఫిబ్రవరిలో, మంచు వల్ల బడి రెండు గంటలు ఆలస్యమని ఎవరో తాతగారికి చెప్పడానికి. నేను నా నంబరు చెప్పగానే ఆవిడ ఆగింది. గుర్తుపట్టిందనుకుంటాను. తాతగారు అప్పటికే లైన్లో ఉన్నారు. ఆ పాప సంగతి అడగాలనుకున్నాను. రికార్డవుతోందని గుర్తొచ్చింది. "ఇంటర్‌ప్రెటర్ సిద్ధంగా ఉంది" అన్నాను. మంచు సంగతి అయిపోయాక, ఎప్పటిలాగే థాంక్యూ చెప్పింది.

వేసవి సెలవుల తర్వాత ఆ డిస్ట్రిక్ట్ వాళ్ళు తెలుగు వచ్చిన మనిషిని అక్కడే, జీతానికి పెట్టుకున్నారని తెలిసింది. మంచిదే. అక్కడున్న మనిషైతే అలాంటి అమ్మమ్మని కారులో వెళ్ళి తీసుకురాగలదు. నాకు ఆ కాల్స్ రావడం ఆగిపోయింది. ఇప్పుడు ఎక్కువగా ఆసుపత్రులవి. షుగరు, బీపీ, ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి.

మా ఆయన ప్లాట్‌ఫాం నుంచి ఇప్పుడు రోజూ ఫోన్ చేస్తున్నారు. బాగున్నావా అని అడగడం మానేశారు. దాని బదులు ఏం అడగాలో ఆయనకింకా తెలియలేదు. నిన్న కూర ఏం వండావని అడిగారు. వండలేదన్నాను. ఎందుకని అడిగారు. చెప్పడం మొదలుపెట్టాను, సిగ్నల్ పోయింది.