తాళం వేసిన పళ్ళ తొడుగు

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. మా నాన్న కొత్తవలస స్టేషన్లో పనిచేసేవాడు. రైలుపట్టాల పక్కన పెరిగాను, చీకటంటే కూడా భయం లేదు. ఎవరైనా వింత చెబితే ముందు అనుమానించడం నా బుద్ధి. ఇది కూడా అనుమానంతోనే మొదలైంది.

నన్ను భావనపాడులో మేనత్త కొడుకు నూకరాజుకిచ్చి చేశారు. సముద్రంలో చేపలవేట ఆయన పని. నిద్రలో పళ్ళు కొరికేవాడు. మామూలుగా కాదు, తిరగట్లో రాళ్ళు పడ్డట్టు. లేచేసరికి దవడ పట్టేసి అన్నం నమలలేకపోయేవాడు.

టెక్కలిలో పళ్ళ డాక్టరు చూసి వెనక పన్ను బీటవారిందన్నాడు. ఇలాగే కొరికితే అది చీలిపోతుంది, పీకెయ్యాల్సిందే అన్నాడు. పళ్ళ అచ్చు తీసి గట్టి ప్లాస్టిక్ తొడుగు చేయించి ఇచ్చాడు. పడుకునేముందు పెట్టుకోవాలి, లేచాక చన్నీళ్ళతో కడగాలి. సాయంత్రం టీ మానెయ్యాలి, దవడకి వేడిగుడ్డతో కాపడం పెట్టాలి. అదంతా నా నెత్తిన వేసుకున్నాను. శబ్దం తగ్గింది. పన్ను దక్కుతుందని ధైర్యం వచ్చింది.

మా అత్తకి మాత్రం ఆ తొడుగు గిట్టలేదు. ఆవిడ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పుకొసని నోట్లో పెట్టుకుని పీల్చేది. "ఆడి అయ్య కూడా ఇలగే కొరికీవోడు. నిద్దట్లో కూడా తాడు లాగుతారే ఈళ్ళు. నోట్లో పిలాస్టిక్కు ఏటికే?" అని గొణిగేది.

ఒకరోజు ఆయన వేటనుంచి వచ్చి పడుకోబోతుంటే పెట్టెలోంచి తొడుగు తీశాను. దాని మీద కొత్త గాట్లు. పొద్దున ఆయన వెళ్ళాక నేనే కడిగి పెట్టెలో పెట్టాను, అప్పుడు లేవు. అత్తే చుట్టనిప్పుతో కాల్చి పాడుచేస్తోందనుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే పొగాకు వాసన లేదు. అయినా నా అనుమానం పోలేదు.

మర్నాడు ఆయన వెళ్ళగానే పెట్టెని బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి పుస్తెలతాడుకి పిన్నీసుతో తగిలించుకున్నాను.

అది చూసి అత్త కంగారుపడిపోయింది. వేటకెళ్ళినవాడు తిరిగొచ్చేదాకా అతని సామాను మూసిపెట్టకూడదని ఆ ఇంట్లో పట్టింపు. "ఒసే, తియ్యే ఆ తాళం. ఆడు నీళ్ళమీద ఉన్నాడే, నా మాట ఇను" అని బతిమాలింది. తన ఆటలు సాగవనే ఈ గోల అనుకుని నేను తియ్యలేదు.

మధ్యాహ్నం బోటు తిరగబడిందని కబురొచ్చింది. అత్తా నేనూ ఒడ్డుకి పరిగెత్తాం. వేరే బోటువాళ్ళు అప్పటికే ఆయన్ని, తోటి మనిషిని తీసుకొచ్చారు. తోటివాడు నీళ్ళు తాగి మునిగిపోతుంటే ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడట. వాళ్ళు విసిరిన తాడు అందుకోవడానికి చెయ్యి లేక పళ్ళతో కరిచి పట్టాడట. లాగేదాకా వదల్లేదట. పెదవుల మూలలు చీలి నెత్తురు కారుతోంది.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాం. దవడ వాచిపోయింది. నిద్రలో మళ్ళీ కొరికితే ఆ పన్ను పోతుందని బీరువా తాళం తీశాను. పెట్టెలో తొడుగు రెండు ముక్కలై ఉంది. దాని మీద ఏటవాలు గీతలు, దగ్గరదగ్గరగా, లోతుగా ఉన్నాయి. అది తాడు పురి అచ్చు.

"అత్తా, నిజం సెప్పు. నువ్వేనా?" అని అడిగాను.

ఆవిడ ముక్కలు చూసి చుట్ట కింద పడేసింది. "తాళం నీ మెళ్ళోనే ఉన్నాది కదే" అంది.

తర్వాత టెక్కలి వెళ్ళి డాక్టరుకి తాడు సంగతి చెప్పాం. బీటవారిన పన్ను ఎలా ఉన్నదో అలాగే ఉంది. డాక్టరు నమ్మలేక మళ్ళీ మళ్ళీ తట్టి చూశాడు. నేను చేతిలోని ముక్కలు చూపించాను.

"తాడు కరిచినప్పుడు ఇది పెట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే దవడే విరిగేది" అన్నాడు.

మా ఆయన నావైపు చూశాడు. ఆయన నోట్లో ఆరోజు తాడు తప్ప ఇంకేమీ లేదని ఆయనకీ తెలుసు.

అత్త దగ్గర మారుతాళం ఉందేమోనని ఆ తర్వాత ఇల్లంతా వెతికాను. దొరకలేదు. ఉన్నా ఆ తాడు పురి అచ్చు ఎక్కడిది? ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఆయన వేటకెళ్ళినప్పుడు మాత్రం కొత్త తొడుగు పెట్టె మూత నా చేత్తో నేనే తెరిచి ఉంచుతున్నాను.