మావయ్య బల్ల చరుపులు

మా మావయ్య అయిదేళ్లు ఎమ్మెల్యేగా ఉండి శాసనసభలో ఒక్కసారీ నోరు విప్పలేదు. వాళ్ల నాయకుడు మాట్లాడి ఆగినప్పుడల్లా బల్ల చరచడమే ఆయన పని. ఆ పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. తర్వాత ఎన్నికల్లో ఓడిపోయి ఇంటికొచ్చాడు గానీ, ఆ చెయ్యి ఊరుకుంటేగా! ఎవరు మాట్లాడి ఆగినా ఎదురుగా ఉన్న బల్ల దద్దరిల్లాల్సిందే. "కూర మాడిపోయింది" అని అత్తయ్య అంటే చరిచాడు. "ఈసారి నిలబడితే డిపాజిట్ కూడా రాదు" అని పక్కింటాయన అంటే ఇంకా గట్టిగా చరిచాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి అరచెయ్యి బూరెలా వాచిపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఎక్స్‌రే చూసి, "ఇక మీరు జన్మలో బల్ల చరచకూడదు" అన్నాడు.

మావయ్య రెండో చేత్తో డాక్టరు బల్లని దబదబా బాదేశాడు. మందుసీసాలు ఎగిరిపడ్డాయి.

డాక్టరు తెల్లబోయి, "నేను చెప్పింది విన్నారా అసలు?" అన్నాడు.

"ఈయన వినడం ఎక్కడ బాబూ!" అంది అత్తయ్య. "మా వీధికి కుళాయి నీళ్లు ఆపేస్తున్నామని వాళ్ల నాయకుడు సభలో చెప్పిన రోజు కూడా, అందరికంటే గట్టిగా చరిచింది ఈయనే."