నూనె బావ బిస్కెట్ తిన్నాడు

బేకరీ ఆయన భార్యకు ఒక అన్నగారున్నాడు. ఎవరింటికి వెళ్లినా ఆయన ముందు మనుషుల్ని కాదు, వంటింట్లోని నూనె సీసాని పలకరిస్తాడు. కళ్లద్దాల దుకాణం ఆయనది, అంచేత జేబులో ఎప్పుడూ ఓ భూతద్దం ఉంటుంది. దాంతో సీసా వెనక చీమల బారులాంటి అక్షరాలన్నీ చదివాకే "కులాసానా" అని అడుగుతాడు. ఒకసారి కాలు విరిగినవాణ్ణి చూడ్డానికి వెళ్లి, వాళ్ల వంటింట్లో గంట గడిపి, కాలు సంగతి అడక్కుండానే వచ్చేశాడు. అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు. అందరికీ ఆయన నూనె బావే.

బేకరీ ఆయనకు ఈ పిచ్చి వినోదంగానే ఉండేది, తన రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలేదాకా. "ముందు తిండి మార్చండి. కొన్నాళ్లకి మళ్లీ పరీక్ష చేద్దాం. తగ్గకపోతే మందులు తప్పవు, గుండెతో ఆటలొద్దు" అన్నాడు డాక్టరు. సాయంత్రానికల్లా నూనె బావ దిగిపోయాడు.

"వెన్నలో ఉండేది ఎక్కువగా సంతృప్త కొవ్వు బావా, అది చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. పొద్దుతిరుగుడు నూనెలో, సోయా నూనెలో ఉండేది బహుళ అసంతృప్త కొవ్వు. అది తగ్గిస్తుంది" అని ఊపిరి తీసుకోకుండా చెప్పాడు.

బేకరీ ఆయన బుద్ధిగా విన్నాడు. మర్నాడు పొద్దున్నే రొట్టెకు ఎప్పటిలా వెన్న దట్టించి, దాని మీద ధారాళంగా నూనె పోసుకుని తింటూ దొరికిపోయాడు.

"ఇదేంటి బావా?"

"మీరు చెప్పిందేగా బావగారూ. వెన్న పెంచుతుంది, నూనె తగ్గిస్తుంది. చెల్లుకు చెల్లు."

"వెన్నకి బదులు వాడమన్నాను, తోడు వెయ్యమన్లేదు" అని నూనె బావ తల పట్టుకున్నాడు.

ఇంట్లో వెన్న మానడం పెద్ద కష్టం కాలేదు. చిక్కంతా బేకరీలోనే వచ్చింది. వెన్న బిస్కెట్ల మీదే ఆ దుకాణం నడుస్తోంది. ప్రతి ట్రేలోంచీ ఒకటి తను తిని చూస్తేగానీ ఆయన అమ్మకానికి పెట్టడు. పనివాళ్ల నాలుకల మీద ఆయనకు బొత్తిగా నమ్మకం లేదు. అందుకని నూనె బావ రోజూ పొద్దున్నే వచ్చి పొయ్యి పక్కన స్టూలేసుకుని కూర్చోసాగాడు. ట్రే దిగడమే ఆలస్యం, బేకరీ ఆయన చేతిలోంచి బిస్కెట్ లాక్కుని తన నోట్లో వేసుకునేవాడు.

"ఉప్పు పిసరు తగ్గింది. ఇది ఇంకాస్త కాలాలి. ఆఁ, ఇది పెట్టుకో."

బేకరీ ఆయన భార్య దగ్గర మొత్తుకున్నాడు. "చూశావా మీ అన్నయ్య వరస? నాకు నీతులు, తనకు బిస్కెట్లు. వెన్న మీద కోపమంతా పైకేనన్నమాట."

పాపం, ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

మళ్లీ పరీక్షకు వెళ్లిన రోజున బేకరీ ఆయన బావగార్ని బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన రక్తం కూడా ఇప్పించాడు. గుట్టు రట్టు చెయ్యాలని సరదా. ఫలితాలొచ్చాయి. బేకరీ ఆయన కొలెస్ట్రాల్ బాగా దిగింది, మందులక్కర్లేదన్నాడు డాక్టరు. నూనె బావది మాత్రం ఎక్కి కూర్చుంది.

"ఏం తింటున్నారండీ?" అన్నాడు డాక్టరు.

"వెన్న బిస్కెట్లు."

"అంత ఇష్టమా?"

"అసహ్యం. చిన్నప్పట్నుంచీ నాకు తీపి పడదు." నూనె బావ గోడకేసి చూస్తూ గొణిగాడు. "రుచి చూడకపోతే ఈయన బేకరీ మూతపడుతుంది. చూస్తే ఈయనే మూతపడేట్టున్నాడు. ఎవరో ఒకళ్లు తినాలిగా."

భార్య దగ్గర తను అన్న మాటలన్నీ గుర్తొచ్చి బేకరీ ఆయనకు సిగ్గేసింది. ఆ వెంటనే ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ పొంగింది.

మర్నాడు ఆయన వెన్న పక్కనపెట్టి, పొద్దుతిరుగుడు నూనెతో పిండి కలిపాడు. మొదటి ట్రే బిస్కెట్లు పొడిపొడిగా రాలిపోయాయి. రెండోది రాయైంది. ఎలాగో ఒక ట్రే కుదిరాక, ఒకటి తీసి నూనె బావ చేతిలో పెట్టాడు.

"నా గుండె కోసమైతే చచ్చినా ఈ పని చెయ్యను బావగారూ. ఇది మీ కోసం."

నూనె బావ కళ్లు మూసుకుని చాలాసేపు నమిలాడు. పనివాళ్లంతా చేతులాపి చూస్తున్నారు.

"ఏమీ అనుకోనంటే ఓ మాట బావా."

"చెప్పండి."

"వెన్నతోనే బాగుండేది."